మూత తీసి చూసింది నేనే

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరు రబ్బీలు, అంటే యూదు మతగురువులు, మా వంటింట్లో నిలబడి "పొయ్యి ఆరినప్పుడు ఎవరైనా మూత తీసి చూశారా?" అని అడిగితే నేను నోరు మెదపలేదు. చూసింది నేనే. నా తప్పేమిటో ముందే చెప్పేస్తే మీరు నన్ను వెనకేసుకురాకుండా చదువుతారని ఇలా మొదలుపెడుతున్నాను.

హోటల్ వంటిళ్లలో కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఉప్పు ఎంత, మంట ఎంత అనేవి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. పక్కవాడి ఎదుగుదల చూసి మన కడుపులో రగిలేదాని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నా ఉద్యోగ జీవితంలో నేను మాడ్చిన వంటలు కొన్నే ఉన్నాయి. ఆ రోజు నేను మాడ్చింది వంట కాదు.

దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్‌లో పెద్ద షెఫ్ తర్వాత స్థానం నాది. ఇజ్రాయెల్‌తో ఎమిరేట్స్‌కు ఒప్పందం కుదిరి, కరోనా కాస్త నెమ్మదించాక అక్కడి నుంచి అతిథులు రావడం మొదలైంది. వాళ్లలో ఆచారం పాటించేవాళ్లు తమ మత నియమాల ప్రకారం వండిన కోషర్ భోజనమే తింటారు. అందుకని మా హోటల్ వెనక వాడకుండా వదిలేసిన చిన్న వంటింటిని బాగుచేసి, పొయ్యిలు శుద్ధి కోసం ఎర్రగా కాల్చి, గిన్నెలన్నీ కొత్తవి కొని సిద్ధం చేశారు. నియమాలు సరిగా జరుగుతున్నాయో లేదో చూడటానికి వాళ్ల మనిషి, ఒక యువ పర్యవేక్షకుడు, వచ్చి కూర్చున్నాడు. ఇక ఆ వంటింటికి మా వైపు నుంచి ఒక ఇన్‌ఛార్జి కావాలి.

అది నాకే వస్తుందనుకున్నాను. పరీక్షలాంటి మొదటి రోజున ఆ కుర్రాడు నన్ను గుడ్లు ఒక్కొక్కటే గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క లేదని చూపించి, అప్పుడు గిన్నెలో పొయ్యమన్నాడు. "నేను గుడ్లు కొట్టడం మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు బాబూ" అని నవ్వాను. అతను నవ్వలేదు. నా పక్కన నిలబడ్డ నెల్లూరు మనిషి నా చేతిలో గుడ్డు తీసుకుని, గ్లాసులో కొట్టి, దీపం దగ్గర పెట్టి చూపించాడు.

"మాకూ హలాల్ ఉండాది గదా సార్. పైన అడిగేవాడు ఉండాడంటేనే వంట శుభ్రంగా ఉంటాది" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ మాటతో వంటిల్లు అతని చేతికి వెళ్లింది.

అతన్ని మేమంతా 'నెల్లూరు' అనే పిలిచేవాళ్లం. నా చేతికింద కూరగాయలు తరగడం నుంచి ఎదిగిన ముస్లిం కుర్రాడు. కుర్రాడు అంటున్నానుగానీ అప్పటికే నలభై దాటాయి. బాగా వండుతాడు, బాగా వాగుతాడు, తన పలావు గురించి తనే ప్రశంసలు చెప్పుకుంటాడు. కరామా పేటలో ఆరుగురితో కలిసి ఒక గదిలో మంచం అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఇన్‌ఛార్జి హోదా వస్తే కుటుంబ వీసాకు అర్హత వస్తుంది. ఆ కాగితాలు కదిలాయి. ఒకరోజు సామాన్ల గది దగ్గర అతను భార్యతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను.

"ఇంటర్నేషనల్ సిటీలో చూసినా. చిన్నదే, గానీ బాల్కనీ ఉండాది. బస్సు ఇంటి ముందరే ఆగతాదంట. పెద్దపాపకి టీసీ తీసుకో... ఏడవబాక మే, వచ్చేస్తుండారు గదా."

నిలబడిపోయాను. నేను అల్ ఐన్‌లో ఒక హోటల్లో గిన్నెలు తోమే రోజుల నుంచి ఆ మాట నా భార్యకు చెప్పాలని ఎదురుచూశాను. నాకు ఆ హోదా వచ్చేసరికి నా కూతుళ్లు కాకినాడలో కాలేజీలు ముగించేశారు. "ఇప్పుడొచ్చి నేనేం చేస్తానండీ అక్కడ? మీరే వచ్చేయండి" అంది మా ఆవిడ. నేనూ వెళ్లలేదు, ఆవిడా రాలేదు. నాకు దక్కనిది ఇతనికి పిల్లలు ఇంకా చిన్నగా ఉండగానే దక్కుతోంది. అందులో అతని తప్పేమీ లేదు. అది తెలిసినందువల్ల అసూయ తగ్గిందా అంటే, ఇంకా పెరిగింది. తప్పు ఉంటే తిట్టి తీర్చుకునేవాణ్ణి.

అప్పటి నుంచి అతను నవ్వితే నాకు గట్టిగా నవ్వినట్టు వినిపించేది. అతిథులు "మీ వంటవాణ్ణి పిలవండి, చూస్తాం" అంటే, వెళ్లి పిలుచుకొచ్చేవాణ్ణి నేనే. అతను వెళ్తూ వంటటోపీ సర్దుకునే తీరు కూడా నాకు కంటగింపుగా ఉండేది.

ఇంతలో ఒక సమావేశం వచ్చింది. ఇజ్రాయెల్ రబ్బీలు కొందరు, వాళ్ల వెంట అమెరికా, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చిన యూదులు. రబ్బీలంటే నల్లకోట్లు, పొడుగు టోపీలు అనుకున్నాను. వీళ్లు మామూలు తెల్లచొక్కాల్లో, దారంతో అల్లిన చిన్న టోపీలతో వచ్చారు. వీళ్లను మత జియోనిస్టులంటారని పర్యవేక్షకుడు చెప్పాడు. తమ దేశం మళ్లీ ఏర్పడటమే దైవకార్యంలో ఒక మెట్టు అని నమ్ముతారట. అందుకే మతవిద్యా చదువుతారు, సైన్యంలోనూ పనిచేస్తారు. ఇంత నమ్మకం ఒకటే అయినవాళ్ల రాజకీయాలూ ఒకటే అయి ఉంటాయనుకున్నాను. మొదటి ఉదయమే ఆ అజ్ఞానం వదిలింది.

టీ ఏర్పాట్ల కోసం నేనూ నెల్లూరూ హాలు వెనక నిలబడ్డాం. వేదిక మీద ఇద్దరు రబ్బీలు. ఒకాయన భారీ మనిషి, గట్టి గొంతు. కొండల మీద, పాలస్తీనా వాళ్లు తమదనే నేల మీద కట్టిన ఊళ్లో ఉంటాడు. అంతకుముందు ఉన్న సముద్రం పక్క ఊరిని ప్రభుత్వం వదులుకున్నప్పుడు, సొంత సైన్యమే ఆయన చేత ఇల్లు ఖాళీ చేయించిందట. రెండో ఆయన బక్కగా, మెల్లని గొంతుతో ఉన్నాడు. తమ్ముణ్ణి యుద్ధంలో పోగొట్టుకున్నాడట. వయసులో ఉండగా ఇద్దరూ ఒకే గురుకులంలో చదివి, ఒకే ట్యాంకులో పనిచేశారు. వచ్చినవాళ్లందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులోనే వాదించుకుంటున్నారు.

"ముప్పై ఏళ్లుగా వీడు నాకు చెబుతున్నాడు, నేల ఇస్తే తప్ప శాంతి రాదని" అన్నాడు గట్టి గొంతు రబ్బీ. "ఇదిగో, ఎడారిలో కూర్చుని టీ తాగుతున్నాం. ఎంత నేల ఇచ్చాం? గుప్పెడు మట్టి కూడా ఇవ్వలేదు! దేవుడు ఇచ్చినదాన్ని మనం ఇవ్వకూడదు. ఇవ్వకపోయినా శాంతి వచ్చింది."

"ఇవ్వలేదు, నిజమే" అన్నాడు మెల్లని గొంతాయన. "తీసుకోబోయి ఆగాం. నీ కొండలన్నిటినీ దేశంలో కలిపేస్తామని బయల్దేరిన ప్రభుత్వం ఆ పని పక్కన పెడితేనే ఈ తలుపు తెరుచుకుంది. నేల పవిత్రమే. దానికన్నా ప్రాణం పవిత్రమని మన శాస్త్రమే చెబుతోంది. ఇంకో తల్లి ఏడవకుండా ఉంటుందంటే నేల ఇవ్వొచ్చు."

"ఇస్తే ఏడుపు ఆగిందా? నా ఇల్లు ఇచ్చాం. ఏం వచ్చింది దాని బదులు?"

"అది ఇవ్వడం కాదు, వదిలేసి రావడం. మాట్లాడి ఇవ్వడం వేరు."

ఒకే ఒప్పందం ఇద్దరికీ సాక్ష్యమే. హాల్లో సగం మంది ఒకరికి చప్పట్లు కొడితే, మిగతా సగం రెండో ఆయనకు కొట్టారు.

"అన్నా, వీళ్లు మన బావాబావమరుదుల మాదిరి ఉండారే. కొట్టుకుంటారా ఏంది?" అన్నాడు నెల్లూరు నా చెవిలో.

"కొట్టుకుంటే నీ పలావు మిగిలిపోతుందిలే" అన్నాను. అతను పకపకా నవ్వాడు. నా మాటలోని చేదు అతనికి తెలియలేదు.

కిందికి వచ్చాక నెల్లూరు పర్యవేక్షకుణ్ణి అడిగాడు, "సార్, మీరు ఎవరి పార్టీ?" అని.

"ఇద్దరూ సగమే చెబుతారు. మా ప్రభుత్వం ఇద్దామంటే ఇస్తాం, వద్దంటే ఇవ్వం. తప్పో ఒప్పో తేల్చుకోవడానికి మాకంటూ ఒక ప్రభుత్వం ఉంది. రెండు వేల ఏళ్ల తర్వాత ఉంది. నాకు అదే చాలు" అన్నాడా కుర్రాడు ఆకుకూరను దీపం మీద పెట్టి పురుగులు వెతుకుతూ.

మా బేకరీలో ఒక పాలస్తీనా మనిషి ఉండేవాడు. ఆ సమావేశం రోజుల్లో సెలవు పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ ఖాళీని కూడా మేమందరం చూశామని మాత్రం చెప్పాలి.

ఇక నా సంగతి. కోషర్ వంటలో ఒక నియమం ఉంది: పొయ్యి యూదుడే వెలిగించాలి. ఆ తర్వాత కలపడం, వడ్డించడం ఎవరైనా చేయొచ్చు. ఆ ఉదయం పర్యవేక్షకుడే పలావు డేగిసాను పొయ్యి మీదికి ఎక్కించాడు, తన చేత్తో మంట ముట్టించాడు. మధ్యాహ్న ప్రార్థనకు మేడ మీదికి వెళ్తూ నెల్లూరుకు అప్పజెప్పాడు. కాసేపటికి నెల్లూరుకూ మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళ అయింది. నేను అటుగా వెళ్తుంటే పిలిచాడు.

"అన్నా, నమాజుకి పొయ్యొస్తా. పొయ్యి మీద ఒక కన్నేసి పెట్టు. ఆరిపోతే మాత్రం నువ్వు ముట్టుకోబాక, ఆ సార్‌కి ఫోన్ కొట్టు."

"నాకు నేర్పుతున్నావా? పోవయ్యా" అన్నాను.

అతను వెళ్లాక, పైన పొగ లాగే ఫ్యాన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మా వంటిళ్లలో ఆ ఫ్యాన్ ఆగితే గ్యాస్ దానంతటదే కట్ అవుతుంది. మంట పోయింది. నేను మూత తీశాను, మెతుకు పట్టి నలిపాను. లోపల పలుకు లేదు. దమ్ము దాదాపు అయిపోయింది. మూత పెట్టాను. ఫ్యాన్ తిరిగింది. గ్యాస్ వచ్చిన చప్పుడు వినిపించింది. నా చెయ్యి జేబులోకి వెళ్లి, లైటర్ తీసి, పొయ్యి వెలిగించేసింది.

కావాలని చేయలేదు. అన్నం గిన్నె కింద చచ్చిన పొయ్యిని చూస్తూ ఏ వంటవాడూ ఊరుకోలేడు. నీలం మంట లేచాకగాని నేనేం చేశానో నాకు తెలియలేదు. అంతవరకు అది పొరపాటే. పర్యవేక్షకుడికి ఫోన్ చేసి "నా చెయ్యి తొందరపడింది బాబూ" అంటే చాలు.

చేయలేదు. బయటికి వచ్చి నిలబడ్డాను. నెల్లూరు ఇంకా రాలేదు. మెట్ల మీద పర్యవేక్షకుడు దిగి వస్తున్నాడు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటలు ఇవి: "ఇందాక ఫ్యాన్ ఆగింది. లోపల గ్యాస్ కూడా ఆగే ఉంటుంది. ఇప్పుడు మంట వెలుగుతోంది. నెల్లూరు లేడు. ఒకసారి చూసుకో."

చూశారా, ఒక్క అబద్ధం లేదు. నన్ను నేను తీసేసి మిగతాదంతా చెప్పాను.

కుర్రాడి ముఖం పాలిపోయింది. నెల్లూరు నమాజు టోపీ మడుచుకుంటూ వస్తుంటే "పొయ్యి ఎవరికి అప్పజెప్పి వెళ్లావు?" అని అరిచాడు. నెల్లూరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"జిమ్మేదారీ నాదే సార్" అని పూచీ తన నెత్తినే వేసుకున్నాడు.

మేడ మీద అతిథులు భోజనానికి కూర్చోబోతున్నారు. తీర్పు చెప్పడానికి ఆ ఇద్దరు రబ్బీలనూ కిందికి తీసుకొచ్చారు. వాళ్ల వెనక ముదీర్, మా హోటల్ మేనేజరు. వంటవాళ్లందరూ గోడల వెంబడి నిలబడ్డారు. పొద్దున విన్న మాటలను బట్టి నేనో లెక్క వేసుకున్నాను: గట్టి గొంతాయన కేకలేసి గిన్నె పారబోయిస్తాడు, మెల్లని గొంతాయన పోనీలే అంటాడు.

గట్టి గొంతాయన డేగిసా దగ్గరికి వచ్చి వాసన చూశాడు. "మొదట వెలిగించింది మనవాడేగా? అయితే ఒక్కటే ప్రశ్న. మంట ఆరేసరికి ఇది ఎంత ఉడికింది? పూర్వం ఒక దొంగ ఉండేవాడు. తరుముకొచ్చేవాళ్ల భయంతో సగం ఉడికిందే తినేసేవాడు. ఆ దొంగ తినగలిగినంత అప్పటికే ఉడికి ఉంటే, తర్వాత ఎవరు వెలిగించినా ఫర్వాలేదు. ఎవరైనా మూత తీసి చూశారా?"

ఆయన గోడ వెంబడి ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చాడు.

"వంటవాళ్లు కదా! వంటవాడు మూత తియ్యకుండా ఉంటాడా? చెప్పండి. ఎవర్నీ ఏమీ అనను."

నా వేళ్లకు ఇంకా మెతుకు జిగట ఉంది. నెల్లూరు మళ్లీ నన్నే చూస్తున్నాడని చూడకుండానే తెలుస్తోంది. "చూశాను, ఉడికింది" అనే రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలతో భోజనం నిలుస్తుంది, అతని ఉద్యోగం నిలుస్తుంది. కానీ అవి చెబితే నేనక్కడ ఉన్నానని తేలుతుంది. ఇంకో కారణమూ ఉంది, అది రాయడానికి సిగ్గుగా ఉంది. అతను అందరి ముందూ దోషిలా నిలబడటం నాకు బాగానే ఉంది.

"తెలియదు కాబట్టి సందేహం" అన్నాడు గట్టి గొంతాయన స్నేహితుడి వైపు తిరిగి. "ఇది దేవుడి ఆజ్ఞ కాదు, మన పెద్దలు పెట్టిన నియమం. పెద్దల నియమంలో సందేహం వస్తే సడలించాలి. తినొచ్చు. ఈ వంటవాడి పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేదు."

మెల్లని గొంతాయన తల అడ్డంగా ఊపాడు. "తెలుసుకోవడానికి దారే లేనిది సందేహం. అడిగితే తెలిసేదాన్ని సందేహం అనకు, అది మన బద్ధకం. ఈ గదిలో ఒకరికి తెలుసు. ఆ ఒక్కరు చెప్పేవరకు నేను తినను."

"నువ్వు ట్యాంకులోనూ ఇంతే. అందరూ దాక్కుంటే నువ్వు పటం చూసేవాడివి."

"పటం చూడబట్టే బతికున్నావు."

నవ్వుకున్నారు. కానీ మెల్లని గొంతాయన కదల్లేదు. గట్టి గొంతాయన కాసేపు గడ్డం గోక్కుని, "సరే. ఒకే కప్పు కింద, నా మాట వినేవాళ్లకో బల్ల, వీడి మాట వినేవాళ్లకో బల్ల వద్దు. ఎవరూ తినరు" అన్నాడు.

అడుగు నేల కూడా ఇవ్వనన్న మనిషి తన తీర్పునే వదులుకున్నాడు. నేల ఇవ్వొచ్చన్న మనిషి గరిటెడు అన్నం దగ్గర వెంట్రుకవాసి కదల్లేదు. మనిషి రాజకీయం తెలిస్తే మనిషి తెలిసిపోయినట్టేనని మీరు అనుకుంటుంటే, ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

అతిథులు వెంట తెచ్చుకున్న రొట్టెలు, డబ్బా చేపలు, కొయ్యని పళ్లు తిన్నారు. నేను హాలు తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ ఇద్దరూ ఒకే ప్లేటులోంచి నారింజ తొనలు తింటూ మళ్లీ వాదించుకుంటున్నారు. వాళ్ల మధ్య ఉన్నది చిన్న తేడా కాదు. ఇళ్లు పోయే, ప్రాణాలు పోయే తేడా. అయినా పక్కపక్కన కూర్చున్నారు. నాకూ నెల్లూరుకూ మధ్య ఒక్క అభిప్రాయ భేదం కూడా లేదు. అయినా అతని పక్కన కూర్చోలేకపోతున్నాను. ఆ రోజు నేను అతని మీద పడ్డ అసూయ ఒకెత్తు, ఆ ముసలివాళ్ల స్నేహం మీద పడ్డ అసూయ ఒకెత్తు.

ఆ పలావును సిబ్బంది భోజనశాలకు పంపారు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. సాయంత్రానికల్లా నెల్లూరును కోషర్ వంటింటి నుంచి తీసేసి పొద్దున టిఫిన్ల విభాగంలో వేశారు. అంటే కుటుంబ వీసా కాగితాలు ఆగినట్టే.

బట్టలు మార్చుకునే గదిలో నన్ను ఆపాడు.

"నువ్వేగదన్నా వెలిగించింది."

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాను.

"అది నాకు అప్పుడే తెలుసు. ఈ వంటింట్లో లైటర్ జేబులో పెట్టుకుని తిరిగేది నువ్వొక్కడివే."

"తెలిస్తే చెప్పలేకపోయావా మరి?"

"చెప్తే ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్ల సీనియర్‌వి. నువ్వు చెప్తావేమోనని చూసినా. చూస్తానే ఉన్నా. నువ్వు నేల చూసుకుంటా ఉండావు." గొంతు తగ్గించాడు. "పాపకి టీసీ తీసేసుకున్నారన్నా అక్కడ. మా ఆమెకి ఏం చెప్పాలో అది కూడా నువ్వే చెప్పు."

ఫోన్ నా ముందు పెట్టాడు. నేను తీసుకోలేదు. అతను ఒక బూతు తిట్టి వెళ్లిపోయాడు. ఆ తిట్టు నాకు సరిపోలేదనిపించింది.

మర్నాడు రబ్బీలు వెళ్లిపోతారు. పొద్దున్నే హాల్లో ప్రార్థన. ప్రార్థన అయ్యాక ఆ ఇద్దరినీ పట్టుకుందామని తలుపు దగ్గర నిలబడ్డాను. చివర్లో తమ ప్రభుత్వ క్షేమం కోరే భాగం వచ్చిందని, పక్కనున్న పర్యవేక్షకుడు చెప్పాడు. అతనూ మెల్లని గొంతాయనా పైకి చదివారు. గట్టి గొంతాయన పెదవులు బిగించి నిలబడ్డాడు. తన ఊరు ఖాళీ చేయించిన నాటి నుంచి ఆ ముక్క దగ్గర ఆయన మౌనమేనట. అయిపోగానే స్నేహితుడి భుజం మీద చెయ్యేసి బయటికి వచ్చాడు.

నేను అడ్డం వెళ్లి చెప్పేశాను. ఫ్యాన్, లైటర్, మెతుకు, అన్నీ.

"ఎంత ఉడికింది?" అన్నాడు గట్టి గొంతాయన మొట్టమొదట.

"దొంగేమిటండీ, దొర కూడా తినొచ్చు."

నుదురు కొట్టుకున్నాడు. "విన్నావా? నా తీర్పే సరైనది! పలావు పోయింది!"

"కాదు, నాదే సరైనది. తెలిసినవాడు ఒకడున్నాడన్నాను. ఉన్నాడు" అన్నాడు మెల్లని గొంతాయన. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎందుకు చెప్పలేదు?"

"అతని భార్యాపిల్లలు వస్తున్నారు. నావాళ్లు ఎప్పుడూ రాలేదు" అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట చాలా చిన్నదిగా వినిపించింది.

ఆయన తొందరపడి ఓదార్చలేదు. "మాకు చెప్పావు, మంచిది. కానీ ముఖం తెల్లబోయింది మాకు కాదు. ఎవరెవరి ముందు అతని ముఖం తెల్లబోయిందో, వాళ్లందరి ముందూ చెప్పు. అతని తరఫున క్షమించే హక్కు మాకు లేదు."

"ఈ ఒక్క విషయంలో నేను వీడితో ఏకీభవిస్తాను. ఎక్కడైనా రాసి పెట్టుకో" అన్నాడు గట్టి గొంతాయన.

అదే ఉదయం, పనులు పంచే సమయంలో వంటవాళ్లందరూ చేరినప్పుడు, ముదీర్‌ను కూడా పిలిపించి, అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాను: "కల్ చూల్హా మైనే జలాయా థా. ఉస్ కీ కోయీ గల్తీ నహీ. వో ముఝే బోల్ కే గయా థా, మత్ ఛూనా." నిన్న పొయ్యి వెలిగించింది నేనే, ముట్టుకోవద్దని అతను చెప్పే వెళ్లాడు, అతని తప్పేమీ లేదు అని. నా చేతికింద పెరిగిన కుర్రాళ్లు నా ముఖం చూడలేక బూట్లు చూసుకున్నారు. నెల్లూరు చివర్లో నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కత్తి ఆపలేదు.

తర్వాత దగ్గరికి వెళ్తే తలెత్తకుండానే, "ఖలాస్ అన్నా. పని చూసుకో" అన్నాడు. అది క్షమించడం కాదు. చాలా నెలలు పనికి సంబంధించిన మాటలు తప్ప నాతో మాట్లాడలేదు. నాకు ముదీర్ హెచ్చరిక ఇచ్చాడు. నెల్లూరుకు వంటిల్లు తిరిగి ఇచ్చారు. పర్యవేక్షకుడే పట్టుబట్టి అడిగాడట. వీసా వచ్చింది. ఇంటర్నేషనల్ సిటీ ఇంట్లోకి వాళ్లు దిగిన రోజు వంటింట్లో అందరికీ లడ్డూలు పంచాడు, నాకు వేరే కుర్రాడి చేత పంపాడు. తిన్నాను. కడుపులో రగిలిందా అంటే, రగిలింది.

ఆ తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. రెండు వైపులా ఎవరి పిల్లలు పోయారో వినలేక టీవీ కట్టేసే రోజులు. ఆ ఇద్దరు రబ్బీలు ఇప్పుడు ఏమనుకుంటున్నారో, ఒకే ప్లేటులో తింటున్నారో లేదో నాకు తెలియదు. అతిథులు తగ్గిపోయారు. కోషర్ వంటింటికి తాళం వేశారు. ఇన్‌ఛార్జి హోదా రద్దు కాబోతోందని వినిపించింది. హోదా పోతే వీసా మాట మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలు బడి మధ్యలో వెనక్కి వెళ్లాలి.

సరిగ్గా అప్పుడే నాకు రిటైర్మెంట్ వయసు వచ్చింది. ముదీర్ నన్ను గదిలోకి పిలిచి, ఇంకా రెండేళ్లు పొడిగిస్తానన్నాడు. నేను చాన్నాళ్లుగా కోరుకున్నదే అది. ఇంటికెళ్లి మా ఆవిడకు కొత్తమనిషిలా కనిపించాలంటే నాకు భయం.

వద్దన్నాను. నా కుర్చీ నెల్లూరుకు ఇస్తే ఖాళీ చేస్తానన్నాను; ఆ హోదాతో అతని వీసా నిలుస్తుంది. ఉన్న రెండు నెలల్లో, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న నా పనితనమంతా అతని పక్కన నిలబడి చూపించాను. పెద్ద పెళ్లి విందులకు సరుకు ఎలా అంచనా వెయ్యాలి, ఏ సరఫరాదారు మాట నమ్మకూడదు, కోపంగా ఉన్న అతిథి దగ్గరికి ఎవర్ని పంపాలి, అన్నీ. అతను మాటామంతీ లేకుండా నేర్చుకున్నాడు. కొన్ని నాకన్నా బాగా చేశాడు. ఇదేదో త్యాగమని అనుకోకండి, నా మోకాళ్లు ఎలాగూ అరిగిపోయాయి.

"మనస్ఫూర్తిగానే అంటున్నావా?" అని ముదీర్ ఆఖరిసారి అడిగినప్పుడు నాకు అసూయగానే ఉంది. అయినా మళ్లీ అతని పేరే చెప్పాను.